ఈ. నాథన్‌కి హెచ్. నాథన్ జవాబు

జూలై 23, 2018. మాసన్ లేక్స్, అడిలైడ్.

చదువులో భాగంగా ప్లేస్‌మెంట్‌కి వెళ్ళేవాళ్ళు వారం వారం రిఫ్లెక్టివ్ జర్నల్ రాసి అప్‌లోడ్ చెయ్యాలట. అది ఇంగ్లీషులో రాస్తాను, మా లెక్చరర్ ఎవా చదివి మార్కులు వేస్తుంది. అందులో నేను చాలా బుద్ధిమంతురాలిని. ఇది తెలుగులో. ఇందులో ఎలా ఉన్నా అడిగేవాళ్ళు లేరు.

లైబ్రరీ కోర్సులో మా బ్యాచ్ పద్నాలుగు మంది. ఒకడికి వైన్ మ్యూజియం వచ్చింది, ఒకమ్మాయికి జూ వాళ్ళ పాత ఫొటోలు వచ్చాయి. నాకు వచ్చింది టోరెన్స్ రివ్యూ ఆఫ్ జ్యూయిష్ స్టడీస్. యూదుల చరిత్ర మీద, భాష మీద, గ్రంథాల మీద పండితులు రాసి పండితులే చదువుకునే జర్నల్. ఏడాదికి రెండు సంచికలు. 1969లో మొదలై ఈ నవంబర్‌లో నూరో సంచికతో మూతపడుతోంది. నేను రెండు పనులు చెయ్యాలి. రాసినవాళ్ళ పేర్ల సూచిక తయారు చెయ్యాలి, జర్నల్ చరిత్ర మూడు వేల మాటల్లో రాయాలి. రెండూ ఆఖరి సంచికలో వేస్తారట, దాని సంపాదకురాలు కూడా ఎవాయే. నా పేరు అచ్చులో చూసుకోబోతున్నాను కాబట్టి వైన్ మ్యూజియం వాడి మీద కుళ్ళు పోయింది.

నన్నే ఎందుకు పంపావని ఎవాని అడిగాను. క్లాసులో ఒకసారి పాత నిబంధన పుస్తకాల పేర్లు ఎవరికైనా వరసగా వచ్చా అని అడిగితే, ముప్ఫై తొమ్మిదీ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పానట. నిజమే. పాలకొల్లులో సండే స్కూల్‌కి వెళ్ళిన ఎవరైనా అప్పజెప్తారు. నన్ను పండితురాలనుకుంది. నేను కాదనలేదు.

జూలై 26

జర్నల్ ఆఫీసంటే సిటీలో ఒక పాత లైబ్రరీ మూడో అంతస్తులో వెనక గది. ట్రైన్ దిగి పావుగంట నడక. కిటికీ తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. గోడ నిండా తొంభై తొమ్మిది సంచికలు, అన్నిటికీ గోధుమరంగు అట్టలే.

“ఈమె హెలెనా, తాళాలు ఈమె దగ్గరుంటాయి” అని పరిచయం చేసి ఎవా వెళ్ళిపోయింది. ఎనభై దాటి ఉంటాయి ఆవిడకి. బూడిదరంగు కార్డిగన్, జేబులో ఆకుపచ్చ పెన్ను. టీ పెడుతుంది, పోస్టు చూస్తుంది, ప్రూఫులు దిద్దుతుంది. వాలంటీర్ అనుకుంటా. ఫోన్లో ‘హెలెనా తాళాలు’ అని సేవ్ చేసుకున్నాను.

“రా నక్కా, కూర్చో” అంది. మళ్ళీ మొదలు. పాస్‌పోర్టులో నక్కా విక్టోరియా అని ఉంటే ముందున్నదే నా పేరనుకుని యూనివర్సిటీ కంప్యూటర్ ఏడాదిగా ‘డియర్ నక్కా’ అని పిలుస్తోంది. పోనీ విక్టోరియా అని దిద్దితే, విక్టోరియావి సౌత్ ఆస్ట్రేలియాలో ఏం చేస్తున్నావని జోకు. ఈ జోకు ఇప్పటికి పదిహేడుసార్లు విన్నాను.

“మాకు ఇంటి పేరు ముందు వస్తుంది ఆంటీ, మనిషి పేరు తర్వాత. నక్కా మా ఇల్లు. విక్టోరియా నేను” అని చెప్పాను.

“ఇల్లు ముందు, మనిషి తర్వాత. మంచి వరసే. నక్కా అంటే అర్థం ఏమిటి?”

చెప్పాను. చాలాసేపు నవ్వింది.

“అయితే నక్కా అనే పిలుస్తాను. నువ్వు మాత్రం నన్ను ఆంటీ అనకు, నేను నీకు ఏమీ కాను” అంది. అని రెండో కప్పు టీ పోసింది.

జూలై 31

ఈరోజు నా పరపతి పెరిగింది. మోజెస్ మీద ఏదో వ్యాసం సూచికలో ఎక్కిస్తూ అలవాటు కొద్దీ పైకి మోషే అన్నాను. హెలెనా కప్పు కింద పెట్టి, “ఇంకోసారి అను” అంది. మోషేతో పాటు యిర్మీయా, యెహెజ్కేలు, యెహోషువ కూడా వదిలాను. “ఇంగ్లీషు వాళ్ళకన్నా మీ పలుకే హీబ్రూకి దగ్గరగా ఉందే, ఎవరు నేర్పారు?” అంది. మా సండే స్కూల్ టీచర్ శ్యామసుందరి గారు అన్నాను. ఆ పేరు ఆకుపచ్చ పెన్నుతో రాసుకుంది. నాకు హీబ్రూ వచ్చా అని ఆవిడ అడగలేదు, అక్షరం ఒక్కటీ రాదని నేను చెప్పలేదు.

ప్రూఫు గుర్తులు నేర్పుతోంది. నాకు బాగా నచ్చింది చుక్కలు. ఎవరైనా ఒక మాట కొట్టేశారనుకో, అది ఉండాల్సిందే అని మనకి అనిపిస్తే ఆ మాట కింద వరసగా చుక్కలు పెట్టాలి. అంటే ‘ఉండనీ’ అని. కొట్టేసినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే, చుక్కలు పడ్డాక ప్రింటర్ ఆ మాట ఉంచాలి.

“ఊరికే పెట్టెయ్యకు. ఏడాదికి ఒక్కసారి చాలు” అంది.

ఆగస్టు 3

ట్రైన్ మిస్. పప్పు మాడింది. చరిత్ర: సున్నా మాటలు.

ఆగస్టు 9

దొరికారు. మొత్తం జర్నల్లో నాకు ఆవలింత రాని పేజీలు ఇవే.

ప్రతి సంచిక చివర ఉత్తరాల పేజీ ఉంటుంది. 1970 నుంచి అందులో ఇద్దరు కొట్టుకుంటున్నారు. ఒకడు ఈ. నాథన్, ఇంకొకడు హెచ్. నాథన్. ఇద్దరిదీ అడిలైడే. కొట్లాట ఒక్క మాట మీద: సెలా.

కీర్తనల్లో మధ్య మధ్య బ్రాకెట్లో సెలా అని ఉంటుంది కదా. చర్చిలో పైకి చదివేటప్పుడు కొందరు పలుకుతారు, కొందరు మింగేస్తారు. దాని అర్థం కచ్చితంగా ఎవరికీ తెలీదట. అది ‘ఆగు’ అని ఈ. నాథన్ అంటాడు, అక్కడ పాటగాళ్ళు నోరు మూసుకుని ఊరుకోవాలట. కాదు, అది ‘ఎత్తు’ అని హెచ్. నాథన్ అంటాడు, గొంతు పెంచి ముందుకు సాగాలట. ఒక సంచికలో ఒకడు అంటే ఆర్నెల్లు ఆగి తర్వాతి సంచికలో రెండోవాడు అందుకుంటాడు. ఎంత మర్యాదగా తిట్టుకుంటారో. ‘నా గౌరవనీయ మిత్రునికి చెవులు ఉన్నాయనే నేను ఇంతకాలం నమ్ముతూ వచ్చాను’ అని హెచ్. రాసింది చదివి గదిలో పైకే నవ్వాను.

నాథన్ అనే పేరు మావైపు ఊరికి నలుగురికి ఉంటుంది. మా క్లాసులోనే కె. నాథన్, పి. నాథన్ అని ఇద్దరు. ఒకడి మార్కులు ఇంకొకడికి పడి తన్నుకునేవాళ్ళు. ఇనిషియల్ వేరు కాబట్టి ఇళ్ళు వేరు, పేరు కలవడం వాళ్ళ ఖర్మ. ఇక్కడా అదే గొడవ. సూచికలో ఇద్దరినీ విడివిడిగా, కలిసిపోకుండా జాగ్రత్తగా ఎక్కించాను.

ఆగస్టు 12

ఆదివారం. నాయనమ్మ వీడియో కాల్. సుందర్ రాజు బాబాయి వాళ్ళతో సిడ్నీలో ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉంటుంది. అక్కడ ఆడవాళ్ళ ప్రార్థన కూడిక నడుపుతోంది, పాలకొల్లులో కన్నా బిజీ. ఫోన్ సీలింగ్ వైపు పెట్టి మాట్లాడుతుంది కాబట్టి నేను ఫ్యాన్‌ని చూస్తూ మాట్లాడాను.

“నాయనమ్మా, కీర్తనల్లో సెలా అంటే ఏంటి?”

“సెలా కాదే, సెలవా. అచ్చులో ‘వ’ ఎగిరిపోయింది.”

“సెలవు ఎవరికి?”

“దావీదు రాజుకి. రాజ్జెం ఉన్నోడు పొద్దత్తమానం పాడతా కూకుంటాడేటి? మజ్జలో దేవుణ్ణి సెలవా మరి అని అడుగుతాడు. లేచెళ్ళి పని సూసుకొత్తాడు. మళ్ళా పాడతాడు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఒకళ్ళు సెప్పేదేటి, సదూతంటే తెలీదా? డెబ్బయ్యేళ్ళుగా అలాగే సదూతన్నాను. ఒక్క పాస్టరూ కాదన్లేదు.”

కోటమ్మ గారిని కాదనే పాస్టరు ఇంకా పుట్టలేదు. ఈ ముక్క చరిత్రలో రాస్తే ఎవా నాకే సెలవిచ్చి పంపిస్తుంది.

ఆగస్టు 21

చరిత్ర దారిలో పడింది. మొదటి సంపాదకులు, డబ్బిచ్చినవాళ్ళు, ప్రింటింగు ప్రెస్సులు అంతా రెండు పేజీల్లో తేల్చేసి, మిగతాది నాథన్‌ల యుద్ధం. ఇరవై ఒక్క ఏళ్ళ యుద్ధం. జర్నల్‌ని బతికించింది ఆ పగే అని నా సిద్ధాంతం.

రూమ్మేట్ ఆండాళ్‌కి చదివి వినిపించాను. హనుమకొండ పిల్ల, సైబర్ సెక్యూరిటీ చదువుతోంది, ఎవరినీ నమ్మదు.

“గా తాళాలామె ఇంటిపేరేంది?” అంది, సంబంధం లేకుండా.

“అడగలేదు.”

“నెల సంది ఆమె చాయ్ తాగుతున్నవ్. పేరు తెల్వదా?”

“హెలెనా అని తెలుసు కదా. మనిషి పేరు తెలిస్తే చాలదా?”

“మంచిగనే ఉన్నది నీ రీసెర్చ్” అని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఆగస్టు 30

“నాథన్‌ల దగ్గరికి వచ్చావా?” అని హెలెనా తనే అడిగింది, ప్రూఫులోంచి తలెత్తకుండా.

వచ్చానన్నాను.

“ఎవరి పక్షం?”

“ఈ. నాథన్ పక్షం. సెలా అంటే ఆగడమే. హెచ్.కి తెలివి ఉంది కానీ కోపం ఎక్కువ.”

“అవును, ఎక్కువే” అంది.

ఇన్నేళ్ళు ఇద్దరి ప్రూఫులూ దిద్ది పాపం విసిగిపోయి ఉంటుంది.

సెప్టెంబర్ 13

వాళ్ళ కొత్త సంవత్సరం ఈ వారమే వెళ్ళింది. హెలెనా తేనె కేకు తెచ్చింది, మూడు ముక్కలు తిన్నాను. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాను. “నేనూ, రెండు బల్లలూ” అంది. ఇంగ్లీషు జోకు అయి ఉంటుందని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఇంకో ముక్క పెట్టింది.

సెప్టెంబర్ 20

యుద్ధం అయిపోయింది. నలభై ఆరో సంచిక, 1991. ఈ. నాథన్ ఆఖరి ఉత్తరం నాలుగే వాక్యాలు. తను అలిసిపోయానని, సెలా దగ్గర ఆగిపోతున్నానని, అది దాటి ముందుకు సాగడానికి హెచ్. నాథన్ దగ్గర ఒక్క మంచి కారణం ఉంటే వినాలని ఉందని. దాని కింద సంపాదకుల మాట: ‘హెచ్. నాథన్ జవాబు వచ్చే సంచికలో.’

నలభై ఏడో సంచికలో జవాబు లేదు. ఉత్తరాల పేజీ ఉండాల్సిన చోట నల్ల గీతల మధ్య హీబ్రూ అక్షరాలు ఉన్న పేజీ ఒకటి ఉంది, సూచికలో ‘అలంకరణ’ అని రాశాను. నలభై ఎనిమిదిలో లేదు. యాభైలో లేదు. తొంభై తొమ్మిది దాకా వెతికాను. ఇద్దరూ మాయం.

ఈ. నాథన్ మీద నాకు జాలేసింది. అంత మర్యాదగా అడిగితే జవాబివ్వడానికి ఏం పోయింది? అదే రాసి పారేశాను: ‘ఇరవై ఒక్క ఏళ్ళు పోరాడిన హెచ్. నాథన్, చివరి ప్రశ్నకు జవాబు లేక పారిపోయాడు.’ చరిత్ర మొత్తంలో ఇదే నా బెస్ట్ వాక్యం. ఇంగ్లీషులో ఇంకా బాగుంది.

సెప్టెంబర్ 27

డ్రాఫ్టు, సూచిక రెండూ హెలెనాకి ఇచ్చాను. చేతులు తుడుచుకుని మరీ తీసుకుంది.

అక్టోబర్ 2

హెలెనా రాలేదు. తాళాలు కింద లైబ్రరీ కౌంటర్లో ఉన్నాయి.

అక్టోబర్ 4

రాలేదు. జలుబేమో. అడిలైడ్‌లో అందరికీ జలుబే.

అక్టోబర్ 5

ఫోన్ ఎత్తలేదు. పెద్దవాళ్ళు ఫోన్లు ఎక్కడో పెట్టి మర్చిపోతారు. నాయనమ్మ అయితే ఫ్రిజ్‌లో పెట్టింది ఒకసారి.

గదిలో టీ నేనే పెట్టుకున్నాను. బాగాలేదు.

అక్టోబర్ 9

బల్ల మీద కవరు. నా డ్రాఫ్టు.

మొదటి పేజీలో నాలుగు కామాలు పీకేసింది. రెండో పేజీలో ‘ప్రఖ్యాత’ మూడుసార్లు వచ్చిందని రెండు కొట్టేసింది. ఐదో పేజీలో నా బెస్ట్ వాక్యం. అందులో ‘హి’ చుట్టూ సున్నా చుట్టి, పైన ‘షి’ అని రాసింది. మార్జిన్లో చిన్న అక్షరాలు: ‘ఇంటి పేరు ఒకటే, నక్కా. ఇల్లు కూడా ఒకటే. హెచ్. నాథన్.’

సూచికలో ‘అలంకరణ’ని కొట్టేసి పక్కన రాసింది: ‘ఎర్విన్ నాథన్ మరణవార్త. ఫిబ్రవరి 1992.’

‘పారిపోయాడు’ని కొట్టెయ్యలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

నాకు తెలియాల్సిన విషయమే ఇది. మాకు ఇంటి పేరు ముందు, ఇక్కడ చివర అని ఏడాదిగా కనబడ్డవాళ్ళందరికీ నేనే పాఠం చెప్తున్నాను. కానీ నాథన్ అనగానే నా చెవికి పి. నాథన్ వినిపించాడు, ఇంటి పేరు వినిపించలేదు. ఆ ‘ఈ.’ ఎవరో, ‘హెచ్.’ ఎవరో ఒక్కసారి అడిగితే పోయేది. రెండు నెలలు ఆవిడ కేకు తిని, టీ తాగి, ఆవిడ మొగుణ్ణీ ఆవిడనీ పగవాళ్ళని చేసి, ఆవిడని మగాణ్ణి కూడా చేసి, పిరికిదని తేల్చి, దిద్దిపెట్టమని ఆవిడ చేతికే ఇచ్చాను. సిగ్గుతో ఒళ్ళు కాలిపోతోంది.

ఆండాళ్ కవరు చూసి తిట్టలేదు. “మెసేజ్ పెట్టకు. పోయి ముఖం మీద సారీ చెప్పి రా” అంది.

అక్టోబర్ 10

హెలెనా అడ్రస్ లైబ్రరీ కౌంటర్లో అడిగి వెళ్ళాను. ప్రాస్పెక్ట్ అనే పేటలో చిన్న యూనిట్. లెటర్‌బాక్స్ మీద నాథన్ అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది.

ముందు గదిలో రెండు బల్లలు, ఎదురెదురుగా. ఒకదాని మీద టైప్‌రైటర్, ఒకదాని మీద ఏమీ లేదు, దుమ్ము కూడా లేదు. నేను గుమ్మంలోనే సారీ మొదలుపెట్టాను. క్లాసులో ఇద్దరు నాథన్‌లు, ఇనిషియల్సు, మార్కులు తారుమారు, అన్నీ కలిపి చెప్పేశాను. హెలెనా మొదట అర్థం కాక చూసి, తర్వాత కుర్చీ పట్టుకుని నవ్వింది.

“ఎర్విన్ వింటే ఎంత సంబరపడేవాడో. ఆడదాన్నని కనిపెట్టకూడదనే మేం ఇనిషియల్ పెట్టింది. అప్పటి సంపాదకుడికి భయం, మొగుడూ పెళ్ళాల గోల అని జనం నవ్వుతారని. నవ్వకుండా నమ్మినదానివి నువ్వు ఒక్కదానివే.”

వాళ్ళకి ఒక నియమం ఉండేదట. ఇంట్లో సెలా అన్న మాట ఎత్తకూడదు. ఏం చెప్పినా జర్నల్లోనే చెప్పాలి. ఎవరి ఉత్తరం వాళ్ళు టైప్ చేసి, వీధి చివర పోస్టు డబ్బాలో వేసి రావాలి. రెండోవాళ్ళు అచ్చయ్యాకే చదవాలి. “ఒకే టేబుల్ మీద తింటూ ఆర్నెల్లు ఆగేదాన్ని. ఆయన మొహం చూస్తే తెలిసేది, ఏదో గట్టిగానే వేశాడని.”

“మరి ఆఖరి దానికి ఎందుకు రాయలేదు?” అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

“రాశాను. టైప్ చేశాను. ఆయన ఆ ఉత్తరం రాసేటప్పటికే డాక్టర్ చెప్పేశాడు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలీదు. నాకు మామూలు ఉత్తరంలాగే ఉంది, అందుకని మామూలుగానే వెక్కిరిస్తూ జవాబు రాశాను. పోస్టు చేసేలోపు ఆయన పోయాడు. అచ్చయ్యాకే కదా చదవాలి. చదివేవాడు లేకుండా ఎలా పంపను?”

నేను ఖాళీ బల్ల వైపు చూశాను.

“నువ్వు రాసింది తప్పు కాదు నక్కా. పారిపోయాను. ప్రూఫులు దిద్దుతాననే వంకతో ఆ గదిలోనే ఉండిపోయాను. జర్నల్ నడుస్తున్నన్నాళ్ళూ వచ్చే సంచిక అనేది ఒకటి ఉంటుంది కదా. ఎప్పుడైనా రాయొచ్చు. ఇరవై ఆరేళ్ళుగా ప్రతిసారీ అలాగే అనుకున్నాను.”

“ఇప్పుడు నూరోది ఉంది.”

“దాని తర్వాత ఏదీ లేదు. అందుకే చెయ్యాడటం లేదు” అంది.

ఏడుపొచ్చి, చెప్పకుండానే లేచి వచ్చేశాను.

అక్టోబర్ 15

చరిత్ర మళ్ళీ రాశాను. పగ తీసేశాను. సిద్ధాంతం పోయింది, కథ మిగిలింది.

ఎవా మెయిల్: 26 శుక్రవారం పేజీలు ప్రెస్‌కి వెళ్తాయి, ఒక్క అక్షరం కూడా ఆ తర్వాత తీసుకోరు. ఉత్తరాల పేజీలో సగం ఖాళీ ఉందట, ఏదైనా బొమ్మ వేద్దామా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు అంది. ఇంకా తెలీదన్నాను.

హెలెనా ఫోన్ ఎత్తి, “ఆ పేజీ గురించైతే పెట్టెయ్” అంది. పెట్టేశాను.

అక్టోబర్ 21

కొత్త డ్రాఫ్టు ఇవ్వడానికని వెళ్ళాను. జవాబు గురించి ఒక్క మాట ఎత్తకూడదని ట్రైన్ అంతా ఒట్లు పెట్టుకున్నాను. ఎత్తలేదు కూడా. టీ తాగాం. డ్రాఫ్టు చదివి ఒక్క కామా పెట్టింది. లేచాను. గుమ్మం దగ్గర, ఇంగ్లీషు మాట్లాడి మాట్లాడి నోరు అలిసిందో ఏమో, “వెళ్ళొస్తా ఆంటీ” అని తెలుగు వచ్చేసింది.

“ఏమన్నావు?”

“వెళ్ళి వస్తానన్నాను. మావాళ్ళు వెళ్తాను అని ఊరుకోరు. ఉత్త వెళ్తాను అంటే పెద్దవాళ్ళు కసురుతారు. వెళ్ళి వస్తాను అనాలి.”

“తిరిగి రావడం కుదరకపోతే?”

“కుదరకపోయినా అలాగే అంటాం. వచ్చే ఏడాది వచ్చినా, అసలు రాకపోయినా అదే మాట.”

హెలెనా తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆ మాట మీద నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. ఒట్లన్నీ గట్టున పెట్టి చెప్పేశాను. మా నాయనమ్మ సెలా అని చదవదు, సెలవా అని చదువుతుందని, సెలవు అంటే మేం వెళ్ళేముందు అడిగేదని, దావీదు రాజు మధ్యలో లేచి పని చూసుకుని మళ్ళీ వచ్చి పాడతాడని డెబ్భై ఏళ్ళుగా నమ్ముతోందని.

“ఇది వ్యాకరణం కాదు ఆంటీ, అచ్చుతప్పనుకుంది. మీరు నవ్వొచ్చు.”

నవ్వలేదు. లోపలికి వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది. తనది కాదు, ఖాళీ బల్ల. “మళ్ళీ చెప్పు” అంది. చెప్పాను. “ఆగుతాడు, వస్తాడు” అంది. “ఆగుతాడు. వస్తాడు.” కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నాకు భయమేసి నీళ్ళు తెచ్చిచ్చాను.

“ఇరవై ఒక్క ఏళ్ళు మా ఇద్దరికీ తట్టలేదు. ఆవిడ పేరు ఏమిటి?”

“కోటమ్మ.”

ఆకుపచ్చ పెన్ను కోసం జేబు తడుముకుంది.

“ఇంక వెళ్ళిరా” అంది. అంటే, ఆవిడ అన్నది ‘గో అండ్ కమ్’ అని. ఆ ఇంగ్లీషు ఎక్కడా లేదు. నేను దిద్దలేదు.

అక్టోబర్ 24

పోస్టులో వచ్చింది. చేతికివ్వొచ్చు, మెయిల్ చెయ్యొచ్చు. వీధి చివర డబ్బాలో వేసి వచ్చిందన్నమాట. జర్నల్ సంపాదకులకు అని అడ్రస్, టైప్‌రైటర్ అక్షరాలు, ‘ఎ’ ఒకటి సగమే పడింది. నేనే తెలుగులో రాసుకుంటున్నాను, పోకుండా:

‘ఈ. నాథన్‌కి. ఆలస్యానికి క్షమించాలి. సెలా అంటే ఆగడమేనని ఒప్పుకుంటున్నాను. అయితే ఆగి, మళ్ళీ రావడం. తెలుగువాళ్ళు ఇల్లు దాటేటప్పుడు వెళ్తాను అనరని, వెళ్ళి వస్తాను అంటారని వి. నక్కా వల్ల తెలిసింది. వారి నాయనమ్మ శ్రీమతి కోటమ్మ ఈ మాటని డెబ్భై ఏళ్ళుగా ఇలాగే చదువుతున్నారు. దీనికి వ్యాకరణం ఒప్పుకోదు. నేను ఒప్పుకుంటున్నాను. ముందుకు సాగడానికి ఒక్క కారణం అడిగారు. మీరు వస్తారని. హెచ్. నాథన్.’

నాయనమ్మకి ఫోన్ చేసి నీ పేరు అచ్చులో పడుతోందన్నాను. “తప్పులేకుండా ఎయ్యమను, ‘వ’ ఎగిరిపోద్ది” అంది.

అక్టోబర్ 26

ఆఖరి ప్రూఫులు. పదకొండింటికి ప్రెస్ మనిషి వస్తాడు. హెలెనా రానంది. అచ్చయ్యాకే చదువుతుందట.

పేజీలు తిప్పాను. నా చరిత్ర, కింద విక్టోరియా నక్కా. సూచికలో నాథన్, ఈ.; దాని కిందే నాథన్, హెచ్. ఇద్దరికీ మధ్య నేను వదిలిన ఖాళీ లైను తీయించేశాను. తర్వాత ఉత్తరాల పేజీ. హెలెనా జవాబు కింద ఆవిడే టైప్ చేసి పంపిన ఇంకో లైను ఉంది. నేను బుధవారం కాగితం రెండో వైపు చూసుకోలేదు.

‘ఈ. నాథన్ జవాబు వచ్చే సంచికలో.’

ఎవా దాని మీద ఎర్ర గీత కొట్టి, పక్కన రాసింది: ‘నూట ఒకటో సంచిక లేదు. పొరపాటు. తీసెయ్.’

ఎవా చెప్పింది నిజమే. నూట ఒకటో సంచిక లేదు. నా మార్కులు కూడా ఎవా చేతిలోనే ఉన్నాయి.

డ్రాయర్లో ఆకుపచ్చ పెన్ను ఇంకొకటి ఉంది. తీసి, ఆ లైను కింద మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా వరసగా చుక్కలు పెట్టాను.